దాచిన ఉత్తరాలు



మా అమ్మమ్మగారింట్లో వంటగది గుమ్మం పక్కన గోడకి ఒక మేకు, ఆ మేకుకి ఒక ఇనప తీగ ఉండేవి. ఉత్తరాలు జారిపోకుండా తీగ అడుగున గుండ్రటి చెక్కబిళ్ల. పైకొన కొక్కెంలా వంచి, మొన పదునుగా ఉండేది. వచ్చిన ఉత్తరం చదవడం కాగానే దాని నడుముకి ఆ మొన గుచ్చి కిందికి తోసేవారు. మీలో చాలామంది ఇళ్లలో ఇలాంటి తీగ ఉండే ఉంటుంది. అడుగున పాతవి, పైన కొత్తవి. రాసినవాళ్లు తారీఖు వేయడం మరిచిపోయినా ఏది ముందో ఏది వెనకో ఆ తీగే చెప్పేది. పసుపు పూసిన శుభలేఖలు కూడా దానికే ఎక్కేవి. ఒక్క రకం ఉత్తరం మాత్రం ఎక్కేది కాదు. చావు కబురు తెచ్చిన కార్డుని వీధి గుమ్మంలోనే చదివి, అక్కడే చింపేసి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేవారు.

ఆ తీగ మీద సగం కార్డులు మా పెద్దమామయ్యవి. ఆయన ఖరగ్‌పూర్‌లో రైల్వే గుమాస్తా. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు ఉద్యోగానికని ఖరగ్‌పూర్ వెళ్లి అక్కడే స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. మా మామయ్య వాళ్లలో ఒకరు. ఆయన పద్యాలు రాసేవారు. పుస్తకంగా ఏనాడూ వేసుకోలేదు. కార్డు మీద క్షేమ సమాచారం పూర్తయ్యాక, మిగిలిన జాగాలో, నిలువు అంచు వెంబడి చీమలబారులా ఒక పద్యం సాగేది. అమ్మమ్మకి చదువు రాదు. వేసవి సెలవుల్లో ఆ కార్డులు ఆవిడకి చదివిపెట్టే పని నాది. చదివినదాన్నే మళ్లీ మళ్లీ చదివించుకునేది. పద్యం దగ్గరికి వచ్చేసరికి, "పరిగెత్తకు నాయనా, మెల్లిగా చదువు" అనేది.

అమ్మమ్మ పోయాక ఆవిడ ట్రంకుపెట్టెలో, పట్టుచీర మడతల కింద, అలాంటి తీగలు మూడు దొరికాయి. ఇప్పుడవి నా దగ్గరున్నాయి. వాటిని ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడల్లా నాకు మన భాషలోని ఒక మాట మీదికి మనసు పోతుంది. 'దాచడం' అన్న మాట. డబ్బు దాచుకుంటాం, అంటే పోగొట్టుకోకుండా కాపాడుకుంటాం. నిజం దాచిపెడతాం, అంటే ఎవరికీ కనపడకుండా చేస్తాం. రెండు పనులకీ మన పెద్దలు ఒకే మాట వాడుతూ వచ్చారు. కవిగా బతికి పోయిన మనిషి కాగితాలు ఇంట్లో ఉన్న కుటుంబాలు ఈ రెండు పనులూ ఒకే చేత్తో చేస్తాయి. అలా దాచిన ఒక కుటుంబం గురించి ఈవేళ మీకు చెప్పాలని వచ్చాను. వాళ్లు ఇంగ్లండు వాళ్లు. కవి పేరు విల్ఫ్రెడ్ ఓవెన్.

మొదటి ప్రపంచ యుద్ధం మీద ఇంగ్లీషులో కవిత్వం రాసినవాళ్లలో మొదట తలుచుకునే పేర్లలో ఓవెన్ పేరు ఒకటి. 1893 మార్చి 18న ఆస్వెస్ట్రీ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. 1918 నవంబర్ 4న ఫ్రాన్స్‌లో, ఒక కాలువ గట్టున, తూటా దెబ్బకి పోయాడు. బతికింది పాతికేళ్లు. బతికుండగా అచ్చయిన పద్యాలు పట్టుమని అయిదారు. వాటిలో కొన్ని తను చికిత్స పొందిన ఆసుపత్రి పత్రికలో వచ్చాయి. అలాంటివాడి జీవితం ఇవాళ మనకి దాదాపు వారం వారం తెలుసు. ఎలా తెలుసంటే, వాళ్లమ్మ సూజన్ ఓవెన్ కొడుకు రాసిన కాగితం ముక్క ఏదీ పారేయలేదు.

ఆవిడ దాచడం ఎప్పుడు మొదలుపెట్టిందో చూడండి. పిల్లవాడికి ఇంకా ఏడాది నిండకముందే అతని జుట్టులోంచి ఒక కుచ్చు కత్తిరించి, కాగితంలో మడిచి, పైన పిల్లవాడి పేరు రాసింది. పేరుకి ముందు 'సర్' అని చేర్చింది. అది రాజు ఇచ్చే బిరుదు. అమ్మ మనసులో బిడ్డకి అప్పుడే పట్టాభిషేకం అయిపోయింది. మన ఇళ్లలో పుట్టువెంట్రుకలు దేవుడివి. తిరుపతిలోనో సింహాచలంలోనో ఇచ్చి వస్తాం, వెనక్కి తిరిగి చూడం. ఆవిడ వాటిని కాగితంలో కట్టి దాచుకుంది. ఆ పొట్లం గురించి చదివిన రోజున నాకు సూజన్ ఓవెన్ పరాయి మనిషిగా తోచడం మానేసింది.

పిల్లవాడు పుట్టింది ఆవిడ పుట్టింట్లో. తోటా దొడ్డీ ఉన్న పెద్ద ఇల్లు. విల్ఫ్రెడ్‌కి నాలుగేళ్లు నిండకముందే తాతగారు పోయారు, ఇల్లు అమ్ముడైపోయింది. అక్కణ్ణించి అద్దె ఇళ్లు. తండ్రి టామ్ ఓవెన్ రైల్వే ఉద్యోగి. పెళ్లికి ముందు, పడుచుతనంలో, ఆయన మన దేశం వచ్చి ఇక్కడి రైల్వేలో కొన్నేళ్లు పనిచేసి వెళ్లాడు. తర్వాత చాలా ఏళ్లకి ఆ కుటుంబం ష్రూస్‌బరీ అనే ఊళ్లో కాపురం పెట్టిన ఇంటి పేరేమిటో తెలుసా? మాహిం. బొంబాయిలో సముద్రపొడ్డున ఉన్న పేట పేరు. యుద్ధంలోంచి ఓవెన్ ఉత్తరాలు చేరింది ఆ మాహిం గుమ్మానికే. రైల్వే గుమాస్తా మేనల్లుణ్ణి కనక ఈ సంగతి చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

1967లో ఆ ఉత్తరాలన్నీ ఒక పుస్తకంగా వచ్చాయి. మొత్తం 673. అందులో అయిదువందల యాభైకి పైగా అమ్మకి రాసినవే. అయిదేళ్లప్పుడు, అక్షరాలు కూడా సరిగా రాని వయసులో, ఊరెళ్లిన అమ్మకి రాసిన చిట్టి ఉత్తరం దగ్గర మొదలవుతాయి. ఒక చర్చి గురువు దగ్గర సహాయకుడిగా ఉంటూ రాసినవి కొన్ని, ఫ్రాన్స్‌లో బోర్డో నగరంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ రాసినవి కొన్ని. 1915 అక్టోబర్‌లో సైన్యంలో చేరాక రాసినవి మరికొన్ని. మేజోళ్లు పంపమని ఉంటుంది, చెల్లెలి ఆరోగ్యం ఎలా ఉందని ఉంటుంది, తను చదువుతున్న కవుల గురించి ఉంటుంది. పెద్దవాళ్ల ఉత్తరాల పుస్తకాలు చదివేటప్పుడు చాలామంది ఇలాంటి పేజీలు తిప్పేస్తారు. నాకు ఇవే ఇష్టం. కవి మేజోళ్లు అడిగిన చోటే అతను నాకు దొరుకుతాడు.

కానీ 1917 జనవరి ఉత్తరాలు వేరు. ఫ్రాన్స్ చేరి ఇంకా నెల తిరగలేదు. అప్పటికే తను చూసినదాన్ని ఏమాత్రం మెత్తన చేయకుండా అమ్మకి రాశాడు. రెండు సైన్యాల మధ్య ఎవరిదీ కాని నేలలో ఒక భూగృహం. అందులో పాతికమంది. లోపల అడుగు, రెండడుగుల నీళ్లు. పైన ఎడతెగని గుళ్లవాన. యాభై గంటలు అక్కడే. మెట్ల మీద కాపలా ఉన్న సైనికుణ్ణి పేలుడు కిందికి విసిరేసింది, అతని చూపు పోయింది. ఆ ఉత్తరం రాసిన ఏడాదిన్నరకి పైన, ఆ కాపలావాడే ఓవెన్ పద్యాల్లో ఒకదానికి కథావస్తువయ్యాడు. మరో ఉత్తరంలో మంచు మీద పడుకుని గడిపిన రాత్రుల గురించి, చలికి గడ్డకట్టి చనిపోయిన తోటివాడి గురించి రాశాడు. అదీ తర్వాత పద్యమైంది. పద్యాలు బలమైనవే. అయితే వాటి పక్కన ఆ ఉత్తరాలు పెట్టుకుని చదివినప్పుడు, కన్ను చూసిన క్షణానికీ పద్యం పుట్టిన క్షణానికీ నడుమ ఎంత దూరముందో, ఆ దూరంలో మనిషి ఏం మోశాడో తెలుస్తుంది. ఆ తల్లి ఆ కాగితాలు దాచకపోతే మనకి పద్యమే మిగిలేది, ఆ దూరం మిగిలేది కాదు.

యుద్ధంలో ఉత్తరాలకి కాపలా ఉండేది. మామూలు సైనికులు రాసినవాటిని వాళ్ల అధికారులు చదివి, ఎక్కడున్నారో తెలిసే ముక్కలు కొట్టేసేవారు. ఓవెన్ కూడా అధికారే. తన కింది సైనికుల ఉత్తరాలు అతనే చదివి దిద్దేవాడు. తన ఉత్తరాల్లోనూ ఊరి పేరు రాయకూడదు. అందుకని తల్లీకొడుకులు ముందే ఒక గుర్తు అనుకున్నారు. ఉత్తరంలో 'మిజిల్‌టో' అనే మొక్క పేరు కనిపిస్తే, దాని తర్వాత వచ్చే మాటల్లో రెండో అక్షరాలు ఏరి కలుపుకోవాలి. అతనున్న చోటు పేరు వస్తుంది. ఇంకో గుర్తు కూడా ఉంది. సైనికులకి అచ్చు వేసిన కార్డులు ఇచ్చేవారు. బాగున్నాను, ఆసుపత్రిలో చేరాను, నన్ను వెనక స్థావరానికి పంపుతున్నారు, ఇలాంటి వాక్యాలు ముందే ముద్రించి ఉండేవి. పనికిరానివి కొట్టేసి, సంతకం పెట్టి పంపాలి. సొంతంగా ఒక్క ముక్క రాసినా కార్డు చింపేస్తారు. వెనక స్థావరానికి పంపుతున్నారన్న వాక్యాన్ని ఒక గీతతో కాకుండా రెండు గీతలతో కొట్టేస్తే, నేను ముందు వరసలో ఉన్నానని అర్థం. అమ్మ ఆ కార్డు చేతికి తీసుకుని మొట్టమొదట చూసేది ఆ గీతల్నే అయి ఉంటుంది.

ఈ గీతల సంగతి గుర్తుంచుకోండి. మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఆ వసంతంలో ఓవెన్ మనసు దెబ్బతింది. జూన్‌లో ఎడింబరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్ అనే సైనిక ఆసుపత్రికి పంపారు. అక్కడ ఆగస్టులో సీగ్‌ఫ్రీడ్ ససూన్ అనే పెద్ద కవి పరిచయమయ్యాడు, పద్యాలు దిద్దాడు, ధైర్యం చెప్పాడు. ఆ కథ చాలామంది చెప్పారు, సినిమాగా కూడా వచ్చింది. నేను దాని మీద ఆగను. ఆ ఆసుపత్రి రోజులు మొదలుకుని తర్వాతి పదమూడు పద్నాలుగు నెలల్లోనే అతని గొప్ప పద్యాలు దాదాపు అన్నీ పుట్టాయని మాత్రం చెబుతాను.

1918 వేసవి చివర మళ్లీ యుద్ధానికి బయలుదేరాడు. వెళ్లే ముందు తల్లీకొడుకులు సముద్రం ఒడ్డున నిలబడ్డారు. ఎండలో మెరుస్తున్న నీళ్లకి ఆవల ఫ్రాన్స్. ఆ సమయంలో కొడుకు నోటి వెంట కొన్ని మాటలు వచ్చాయి. అవి ఇంగ్లీషు కవి మాటలు కావు. మన రవీంద్రనాథ్ టాగూర్ గీతాంజలిలో 96వ గీతంలోని మాటలు. ఇక్కడ నేను చూసినదానికి సాటి లేదు, వెళ్లేటప్పుడు ఆ మాట చెప్పి వెళ్లనివ్వమని వేడుకునే గీతం అది. టాగూర్ 1912లో స్వయంగా ఇంగ్లీషు చేసిన గీతాంజలి, మరుసటి ఏడాది నోబెల్ బహుమతి తెచ్చిన పుస్తకం. మనకి చలం గారి తెలుగులో బాగా పరిచయమైన పుస్తకం. పద్మా నది మీద పడవలో తిరుగుతూ కవిత్వం రాసుకున్న ఒక బెంగాలీ కవి మాటలు, చావుకి ఎదురెళుతున్న ఒక ఇంగ్లీషు కుర్రవాడికి అమ్మ ముందు చెప్పుకోదగ్గ మాటలయ్యాయి.

అతని చివరి ఉత్తరం అక్టోబర్ 31నాటిది. ఓర్స్ అనే ఊరి దగ్గర, అడవిలో, అటవీ ఉద్యోగి ఇల్లు ఒకటి ఉంది. దాని నేలమాళిగలో కూర్చుని అమ్మకి రాశాడు. గదినిండా పొగ. చుట్టూ ఇరుక్కుని కూర్చున్న సైనికులు. ఎవరో బంగాళాదుంపలు తొక్క తీస్తున్నారు, ఎవరో నవ్వుతున్నారు. ఇక్కడ భయమేమీ లేదు, ఇంత మంచి స్నేహితులు ఇంకెక్కడా దొరకరు అన్న ధోరణిలో ఉంటుంది ఉత్తరం. చదువుతుంటే వెచ్చగా ఉంటుంది. నాలుగో రోజు తెల్లవారుజామున కాలువ దాటబోతుండగా అతను పోయాడు. యుద్ధం ఆగడానికి ఇంకో వారమే ఉంది. నవంబర్ 11న, యుద్ధం ముగిసిందని ష్రూస్‌బరీలో చర్చి గంటలు మోగుతుండగా, మాహిం ఇంటికి తంతి వచ్చింది.

మా ఊళ్లో అయితే దాన్ని గుమ్మంలోనే చింపేసేవారు.

తర్వాత కొడుకు వస్తువులు ఇంటికి చేరాయి. వాటిలో అతని జేబు పుస్తకం ఉంది. అందులో సముద్రం ఒడ్డున చెప్పిన ఆ మాటలు అతని దస్తూరీలోనే కనిపించాయి, కింద టాగూర్ పేరుతో. 1920 ఆగస్టులో సూజన్ ఓవెన్ టాగూర్‌కి ఒక ఉత్తరం రాసింది. ఆయన ఆ రోజుల్లో లండన్‌లోనే ఉన్నారు. నా కొడుకు నాతో చివరిగా చెప్పినవి మీ మాటలు, అవి ఏ పుస్తకంలో ఉన్నాయో దయచేసి చెబుతారా అన్నది ఆ ఉత్తరం సారాంశం. నోబెల్ బహుమతి పొందిన కవి ఆయన. ఆవిడ ఒక రైల్వే ఉద్యోగి భార్య. ఆవిడ అడిగింది పుస్తకం పేరు. కొడుకు చదివిన పుస్తకం తనూ తెచ్చుకుని, ఆ పేజీ మీద వేలు పెట్టి చూసుకోవాలని. ఇంతకంటే పెద్ద గౌరవం ఏ కవికైనా ఉంటుందా అని నాకు అనిపిస్తుంది.

అదే ఏడాది డిసెంబర్‌లో ఓవెన్ పద్యాల మొదటి పుస్తకం వచ్చింది. ససూన్ ముందుమాట రాశాడు, ఎడిత్ సిట్వెల్ అనే కవయిత్రి ప్రతులు సిద్ధం చేయడంలో చాలా శ్రమపడింది. చిన్న పుస్తకం, ఇరవై మూడు పద్యాలు. వాటి రాతప్రతులు చాలామటుకు అమ్మ ఇచ్చినవే.

ఇక్కడిదాకా దాచడం అన్న మాటకి మొదటి అర్థం చెప్పాను. రెండో అర్థం కూడా ఆ తల్లితోనే మొదలవుతుంది.

నాకేమైనా అయితే ఈ సంచి విప్పకుండా కాల్చేయమని విల్ఫ్రెడ్ అమ్మకి చెప్పి వెళ్లాడు. సంచి నిండా కాగితాలు. కొడుకు రాసిన కాగితం ముక్క కూడా పారేయని ఆ తల్లి ఆ మాట పాటించింది. విప్పి చూడకుండా కాల్చేసింది. పరిశోధకులు ఈనాటికీ ఆ సంచి గురించి బాధపడతారు. నేను పడలేను. అందులో ఏముందో ఆవిడకి తెలియదు, మనకి తెలియదు. తెలిసినవాడు తనే కాల్చమన్నాడు. కవి కాగితాల మీద కవికి ఆ మాత్రం హక్కుంది.

సమాధి రాయి సంగతి వేరు. ఓర్స్ శ్మశానంలో కొడుకు సమాధి మీద చెక్కడానికి సూజన్ అతని పద్యంలోంచే రెండు వాక్యాలు ఎంచింది. పద్యంలో అవి రెండూ ప్రశ్నలు. చనిపోయిన ఈ దేహాలకి మళ్లీ ప్రాణం వస్తుందా, చావు నిజంగా రద్దవుతుందా అని కవి అనుమానంగా అడుగుతాడు. ఆ పద్యంలో జవాబు కూడా ఆశాజనకంగా ఉండదు. రాయి మీద రెండో ప్రశ్నార్థకం లేదు. ఒక్క గుర్తు పోయేసరికి అనుమానం నమ్మకమైంది. ఆవిడ గట్టి దైవభక్తురాలు. కొడుకు చర్చి గురువు కావాలని కోరుకున్న మనిషి. ఆ ప్రశ్నార్థకం కింద కొడుకుని పడుకోబెట్టి ఆవిడ రాత్రి నిద్రపోగలిగేది కాదు. ఆ తల్లిని నేను తప్పు పట్టను. కానీ ఆ రాయి ముందు నిలబడినవాళ్లు చదివేది సూజన్ ఓవెన్ రాసిన పద్యం, విల్ఫ్రెడ్‌ది కాదు. ఈ రెండూ నిజాలే.

సూజన్ 1942లో పోయింది. కాగితాల భారం తమ్ముడు హెరాల్డ్ మీద పడింది. హెరాల్డ్ చిత్రకారుడు. కుర్రతనంలో ఓడల్లో పనిచేశాడు, యుద్ధంలో నౌకాదళంలో ఉన్నాడు. అన్న పోయినప్పుడు అతను ఆఫ్రికా తీరంలో ఒక ఓడలో ఉన్నాడు. ఇంటినించి కబురు ఇంకా అందలేదు. ఒకరోజు తన గదిలోకి వచ్చేసరికి విల్ఫ్రెడ్ కుర్చీలో కూర్చుని ఉన్నాడట, సైనిక దుస్తుల్లో, చిరునవ్వుతో. హెరాల్డ్ పలకరిస్తే మాట్లాడలేదు, నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత చూస్తే కుర్చీ ఖాళీ. అన్న ఇక లేడని తనకి అప్పుడే తెలిసిపోయిందని హెరాల్డ్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. 1963 నుంచి 1965 దాకా మూడు సంపుటాలుగా వచ్చిన ఆ ఆత్మకథ పేరుకి తన కథే గాని, ప్రతి పేజీలోనూ అన్న నీడ కదులుతుంది. తనకి దొరకని చదువు అన్నకి దొరికిందన్న బాధ, అమ్మ ప్రేమలో పెద్దవాటా అన్నదేనన్న బాధ కూడా అందులో దాచకుండా రాశాడు. అలాంటి మనిషి అన్న ఉత్తరాల్ని ప్రపంచం ముందు పెట్టడానికి చివరి ఏళ్లన్నీ ఖర్చుపెట్టాడు.

ఆ పని చేస్తూనే కొన్ని చోట్ల ముదురు సిరాతో వాక్యాలు కనపడకుండా కొట్టేశాడు. కొన్ని చోట్ల కత్తెర వేశాడు. ఇంట్లోవాళ్ల గురించి విల్ఫ్రెడ్ విసుక్కున్న మాటలో, అన్న పరువుకి తక్కువని తోచిన మాటలో, తన మనసుకి నచ్చని ప్రేమల సంగతులో. కొట్టేశాక ఇక అది ఏదైనా కావచ్చు. అక్కడే ఉంది చిక్కు. ఖాళీ కనపడగానే లోకం ఊహించడం మొదలుపెడుతుంది. ఆ ఊహల్లో విల్ఫ్రెడ్ నిజంగా రాసినదానికంటే పెద్దవి పుట్టి ఉండవచ్చు. గౌరవం కాపాడాలని వేసిన సిరా మరక మీదే అందరి చూపూ ఆగుతుంది.

ఇందాకటి గీతలు గుర్తున్నాయా? అచ్చు కార్డు మీద ఒకే వాక్యాన్ని రెండుసార్లు కొట్టేసి, తను ఎక్కడున్నాడో కొడుకు అమ్మకి చెప్పాడు. అదే కట్టలో, ఏళ్ల తర్వాత, తమ్ముడు గీతలు గీసి అన్న ఎక్కడున్నాడో మనకి తెలియకుండా చేశాడు. రెండూ సిరా గీతలే, రెండూ ప్రేమతో గీసినవే. మొదటి గీతలు తెలిసిన అమ్మ కోసం. రెండోవి తెలియని మన కోసం, అంటే మన మీద నమ్మకం లేక. ఇంకా పుట్టని పాఠకుల మీద హెరాల్డ్‌కి నమ్మకం కుదరలేదు. మా అన్నని మీరు అర్థం చేసుకోరు అనుకున్నాడు. నాకు ఆయన మీద ఉన్న ఫిర్యాదు ఇదొక్కటే, కానీ ఇది చిన్నది కాదు.

ఇప్పుడు ఆ రాతప్రతులు ఇల్లు దాటి చాలా దూరం వెళ్లాయి. పద్యాల ప్రతులు 1934లోనే బ్రిటిష్ మ్యూజియం చేరాయి. ఉత్తరాలు అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయం దాచింది. అతను చదువుకున్న పుస్తకాలు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చేరాయి. కుటుంబం చేయగల మంచి పనుల్లో చివరిది ఇదేననుకుంటాను. చేతిలోంచి వదలడం.

మనకీ ఇలాంటి కథ ఉంది. గురజాడ అప్పారావుగారు 1915 నవంబర్ 30న విజయనగరంలో పోయారు. ఆయన డైరీలు, ఉత్తరాలు చాలామటుకు ఇంగ్లీషులో ఉన్నాయి. వాటిని వెతికి, చదివి, తెలుగు పాఠకుల ముందు పెట్టడానికి అవసరాల సూర్యారావుగారు పడ్డ శ్రమ తలుచుకుంటే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. తర్వాత చాలా ఏళ్లకి, నూట యాభయ్యో జయంతి రోజుల్లో, మనసు ఫౌండేషన్ వాళ్లు ఆయన రచనలన్నీ ఒకచోట చేర్చి 'గురుజాడలు' అని పుస్తకం తెచ్చారు. అట్ట మీద 'సర్వలభ్య రచనల సంకలనం' అని ఉంటుంది. సమగ్రం అనలేదు, సంపూర్ణం అనలేదు. సర్వలభ్యం. అంటే దొరికినదంతా. దొరకనిది కూడా ఉందని ఆ మాటలోనే ఒప్పుకున్నారు. ఎంత నిజాయితీ గల మాట!

ఓర్స్ దగ్గర ఆ అడవి ఇంటిని 2011లో స్మారకంగా మార్చారు. ఇల్లంతా తెల్లరంగు. పైకప్పు చూస్తే ఎవరో చదువుతూ చదువుతూ బోర్లా తెరిచిపెట్టిన పుస్తకంలా ఉంటుంది. పక్కనించి వంపు తిరుగుతూ నేలమాళిగలోకి దిగే దారి ఉంది. ఆ దారి గోడ మీద ఓవెన్ చివరి ఉత్తరం చెక్కారు. చదువుకుంటూ దిగుతాం. దిగాక ఆ నేలమాళిగ. దాన్ని మాత్రం ఏమీ చేయలేదు. ఇటుకలు, కమాను కప్పు, చీకటి. అక్కడ బల్లలూ అద్దాలపెట్టెలూ పెట్టి వస్తువులు పరచలేదు. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లకి దాచడం అంటే ఏమిటో తెలుసు.

మా మామయ్య కార్డుల దగ్గర ముగిస్తాను.

నాకు పదేళ్లో పదకొండేళ్లో. వేసవి మధ్యాహ్నం. పోస్టుమాన్ కార్డు ఇచ్చి వెళ్లాడు. అమ్మమ్మ చేటలో మినప్పప్పు పోసుకుని రాళ్లు ఏరుతోంది. నేను గుమ్మం మీద కూర్చుని చదువుతున్నాను. క్షేమం, వానలు, పిల్లల చదువులు. తర్వాత ఒక వాక్యం వచ్చింది. అమ్మమ్మ చెయ్యి చేటలో ఆగిపోయింది. "మళ్లీ చదువు," అంది. చదివాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ ముక్క కొట్టేయి నాయనా. మీ చిన్నమామయ్య కంట పడితే ఇల్లు రెండవుతుంది," అంది. నేను బడి సంచీలోంచి పెన్ను తీసి, అడ్డంగా గీసి, నిలువుగా గీసి, ఒక్క అక్షరం కనపడకుండా సిరా నింపాను. నాకు చాలా పెద్ద పని చేసినట్టనిపించింది. ఆరబెట్టి నేనే తీగకి గుచ్చాను. సాయంత్రం చిన్నమామయ్య ఆ కార్డు చదివి, "పెన్ను కక్కినట్టుంది అన్నయ్యకి," అన్నారు.

ఇప్పుడు వాళ్లలో ఎవరూ లేరు. రెండో తీగ మీద, పైనించి ఏడో కార్డు అది. అంచు వెంబడి పద్యం చక్కగా ఉంది, ఒక్క అక్షరం చెదరలేదు. సిరా కింద ఉన్న ఆ వాక్యాన్ని ఈ భూమ్మీద చదివిన మనిషిని ఇక నేనొక్కణ్ణే, పైకి రెండుసార్లు చదివాను, అందులో ఏముందో నాకు గుర్తులేదు. మొన్న కార్డుని తీగలోంచి తీసి కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూశాను. ఒకచోట లకారం వత్తు కనిపిస్తోంది. ఆ పక్కన సున్నా కావచ్చు.